మృగరూపము దాల్చిన మరమనిషి

ఆటబొమ్మకు చరిత్ర యేమున్నదని కొందరు అడుగవచ్చును. రాజులకు శాసనములు గలవు. దేవాలయములకు స్థలపురాణములు గలవు. బొమ్మకు ఆ రెండును లేవు. పిల్లవాడు ఆడినంత కాలము ఆడి విరుగగొట్టును; మిగిలిన ముక్కలను తల్లి అటకమీదికి చేర్చును. అయినను ఒక్క బొమ్మను చేతబట్టి, ఇది యెచట పుట్టినది, ఎవరెవరి చేతులు మారినది, దీని కీళ్ళు ఈ తీరుననే యేల కుదిరినవి అని విచారించినచో, ఇరువదవ శతాబ్దపు వర్తకము, యంత్రవిద్య, టెలివిజను మూడును అందులో కలిసి కనబడును.

అట్టి బొమ్మ యొకటి 1996వ సంవత్సరమున అమెరికాలో అంగళ్ళకు వచ్చెను. మొదట చూచినప్పుడు అది గొరిల్లా. కొన్ని భాగములను త్రిప్పి, కొన్నింటిని మడచి, కొన్నింటిని వెలికి లాగినచో అదే మరమనిషి. దాని పేరు ఆప్టిమస్ ప్రైమల్. ‘బీస్ట్ వార్స్’ అను పేర, అనగా మృగముల యుద్ధమను పేర, వెలువడిన బొమ్మల వరుసకు అది నాయకుడు. ఈ బొమ్మ మంచిదా? మంచిదైనచో దేనివలన మంచిది? దీనికి సమాధానము చెప్పవలెనన్న ముందుగా దాని పూర్వులను పలుకరింపక తప్పదు.

కామరూపమన్న మాట మనకు క్రొత్త కాదు. మారీచుడు బంగారు లేడియై సీతమ్మ కంట పడెను. ఋష్యమూకముపై హనుమంతుడు వానరరూపమును విడిచి భిక్షువై రామలక్ష్మణుల యెదుట నిలిచెను. ఐతే కథలో రూపము మారుటకు తలపు చాలును. విడిచిన రూపము ఎచటికి పోయినది, లేడి కొమ్ములు ఎచట దాగినవి అని యెవ్వరును అడుగరు. బొమ్మలో తలపు చాలదు. ప్రతి అంగమునకు కదలుటకు దారి యుండవలెను. కదలి పోయి దాగుటకు చోటుండవలెను. దాగిన పిమ్మట అది అచట లేనట్లే కనబడవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి తప్పినను, గొరిల్లా వీపున మరమనిషి మోకాలు పొడుచుకొని వచ్చును. రూపము మార్చు బొమ్మను పరీక్షించువారు మొట్టమొదట చూడవలసినది అదియే.

మరమనిషికి పాశ్చాత్యులు పెట్టిన పేరు ‘రోబోటు’. ఆ మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన ‘ఆర్. యు. ఆర్.’ అను నాటకమునుండి లోకమునకు వచ్చెను. ఆ మాటను సూచించినది ఆయన యన్నయగు యోసెఫ్. చెక్ భాషలో దానికి మూలార్థము వెట్టిచాకిరి. ఇందొక చిత్రము గలదు. చాపెక్ నాటకములోని రోబోటులు ఇనుపవి కావు. జీవపదార్థమువంటి ముద్దతో చేయబడినవి. రేకు దేహము, తిరుగు మరలు తరువాతివారి కల్పనలు. కనుక డెబ్బది యారేండ్లకు మరమనిషి చర్మమును, రోమములను మరల ధరించెనన్నచో, అది యొకవిధముగ పుట్టినింటికి మరలుటయే.

ఇక బొమ్మ వంశవృక్షము. దీని వేరు జపానులో నున్నదని అందరును అందురు. నిజమే కాని, ఆ జపాను వేరునకు తల్లివేరు అమెరికాలో నున్నది. 1964లో హాస్‌బ్రో అను అమెరికా సంస్థ జి. ఐ. జో అను సైనికుని బొమ్మను తెచ్చెను. పండ్రెండంగుళముల పొడవు, భుజము, మోచేయి, మోకాలు అన్నియు కదలును. బట్టలు మార్చుటకు వీలైన ఇట్టి బొమ్మను ఆనాటివరకు ఆడపిల్లల బొమ్మ యనెడివారు. ఆ పేరు వినిన మగపిల్లలు దానిని ముట్టరని భయపడి, సంస్థవారు ‘యాక్షన్ ఫిగర్’ అను క్రొత్త పేరు కట్టిరి. వస్తువు పాతది, పేరు క్రొత్తది. ఆ పేరు నేటికిని నిలిచినది.

ఆ సైనికుని చేయు హక్కును టకారా అను జపాను సంస్థ కొనెను. 1972లో ఆ దేహమునే గాజువలె పారదర్శకముగ పోతపోసి, లోపలి యంత్రములు కనబడునట్లు చేసి, ‘హెన్షిన్ సైబోర్గ్’ అని పేరు పెట్టెను. హెన్షిన్ అనగా శరీరపరివర్తనము. అంతకు ముందు సంవత్సరమే ‘కామెన్ రైడర్’ అను టెలివిజను కథలో కథానాయకుడు ఆ మాటను కేకవేసి రూపము మార్చుచుండెను. జపాను పిల్లలందరి నోటను అదే మాట. 1973 నాటి చమురు సంక్షోభముతో ప్లాస్టిక్కు ప్రియమైన దినములలో, 1974లో, ఆ సైబోర్గు అరచేతిలో నిమిడిపోవునంత చిన్నవాడై ‘మైక్రోమ్యాన్’ అయ్యెను. 1980లో ‘డయాక్లోన్’ వచ్చెను. ఇందులో కార్లును, విమానములును రోబోటులుగ మారును; వానిని నడుపుటకు వ్రేలెడు కూడ లేని చిన్న మనుష్యులు లోపల కూర్చుందురు. 1983లో వచ్చిన ‘మైక్రో ఛేంజ్’ వరుసలో టేపు క్యాసెట్లు, తుపాకులు, కెమెరాలు, అనగా ఇంటిలోని నిజమైన పరిమాణముగల వస్తువులే, రోబోటులయ్యెను.

వీనిని అమెరికాకు తెచ్చుటలో ముఖ్యపాత్ర వహించినవాడు హెన్రీ ఓరెన్‌స్టైన్. ఆయన 1923లో పోలండులో పుట్టెను. నాజీల నిర్బంధ శిబిరములు ఐదింటినుండి ప్రాణములతో బయటపడి, అమెరికా చేరి, బొమ్మల వ్యాపారమున పేరుగాంచెను. ఒక వస్తువు కండ్లయెదుటనే మరియొక వస్తువు కాగలదన్న దానిలోని ఆకర్షణను గుర్తించి, టకారాతో ఒప్పందము చేసికొనుమని హాస్‌బ్రోవారిని ప్రేరేపించినవాడాయనయే. 1984లో ఆ బొమ్మలు ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ అను పేర వెలసెను. ఇరువది సంవత్సరముల క్రితము సైనికుడై వెడలిన బొమ్మ లారీయై తిరిగి వచ్చినదన్నమాట. ఈ రాకలో జరిగిన మార్పు చిన్నది కాదు. జపానులో ఇవి మనుష్యులు నడుపు యంత్రములు. అమెరికాలో లోపలి మనిషిని తీసివేసి, యంత్రమునకే ప్రాణము పోసిరి. మార్వెల్ కామిక్సు సంస్థకు చెందిన జిమ్ షూటర్ కథకు పునాది వేసెను. డెన్నీ ఓనీల్ నాయకునకు ఆప్టిమస్ ప్రైమ్ అని పేరిడెను. బాబ్ బుడియాన్‌స్కీ పెక్కుమందికి పేర్లను, స్వభావములను వ్రాసెను. ఎర్రని లారీకి ధర్మబుద్ధి, తుపాకికి దురాశ కలిగెను.

మృగరూపము అప్పుడును లేకపోలేదు. ఒక క్యాసెట్టు నల్లని చిరుతగ మారెడిది; మరియొకటి పక్షిగ మారెడిది. 1985లో డైనోబాట్లు అను ఐదు రాకాసిబల్లులు వచ్చెను. వానిలో టిరనోసారస్ రూపముగల గ్రిమ్‌లాక్ నేటికిని ప్రసిద్ధుడు. ఐతే అవి మృగములవలె చేయబడిన యంత్రములు. మెడలో మరలు కనబడును. ఒడలు బూడిదరంగు ఇనుమువలె నుండును. వానిని చూచి నిజమైన జంతువని యెవ్వరును పొరబడరు.

ఇచట వర్తకమును గూర్చి ఒక మాట చెప్పవలెను. 1984లో అమెరికా ప్రభుత్వ ప్రసారసంఘము పిల్లల టెలివిజనులో ప్రకటనల కాలముపైనున్న హద్దులను తొలగించెను. దానితో బొమ్మకు తోడుగ కథ, కథకు తోడుగ బొమ్మ వచ్చుట పరిపాటి యయ్యెను. ఫలితము 1986లో ప్రత్యక్షమయ్యెను. ఆ యేడు వచ్చిన చలనచిత్రమున ఆప్టిమస్ ప్రైమ్ మరణించెను. కథ కోరినందున గాదు, క్రొత్త బొమ్మలకు అంగడి బల్లపై చోటు కావలసియున్నందున. పాత సరకును తీసివేయుచున్నామనుకొన్న వర్తకులకు, చిత్రశాలలలో పిల్లలు ఏడ్చిన పిదప గాని, ఆ సరకును వారు బంధువుగ భావించుచున్నారని తెలియలేదు. మరుసటి యేడు ఆయనను మరల బ్రదికింపవలసి వచ్చెను. అయినను అమ్మకములు క్షీణించెను. 1990లో తెచ్చిన కొన్ని బొమ్మలకు రూపము మారుటయే లేదు. రూపము మార్చనివానికి ఆ పేరు పెట్టుట పేరును తాకట్టు పెట్టుటయే యని నా యభిప్రాయము.

1991లో హాస్‌బ్రో టోంకా అను సంస్థను కొనెను. దానితో కూడ సిన్సినాటి నగరపు కెన్నర్ సంస్థయు చేతికి వచ్చెను. కొంతకాలమునకు, నీరసించిన ట్రాన్స్‌ఫార్మర్స్ బాధ్యతను కెన్నరువారికే అప్పగించిరి. 1993లో ‘జురాసిక్ పార్కు’ చిత్రపు డైనోసారు బొమ్మలను చేసినవారు వీరే. చర్మపు ముడతలను ప్లాస్టిక్కుపై దించుట వారికి చేయి తిరిగిన పని. వారి నాయకత్వమున, టకారా శిల్పుల సహాయముతో, కార్లు లారీలు విడిచి, నిజమైన జంతువులవలె కనబడు రోబోటులు తయారయ్యెను. మొదట ఆప్టిమస్ ప్రైమల్‌ను గబ్బిలముగను, వాని శత్రువగు మెగాట్రాన్‌ను మొసలిగను చేసి జంటగ అమ్మిరి. పిదప గాని గొరిల్లాయు, టిరనోసారసును రాలేదు. పాత అభిమానులలో పెక్కురు దీనిని సహింపలేదు. లారీగ నుండవలసిన నాయకుడు కోతి యగుటయా యని గొడవ చేసిరి. రామాయణము వినిన మనకు ఆ గొడవ కొంత వింతగనే తోచును.

బొమ్మను పరీక్షించుటలో అసలు కష్టము ఇచటనే గలదు. యంత్రమును మరమనిషిగ మార్చుట సులభము. కారునకు తలుపులు సహజముగనే తెరచుకొనును. ముందు రేకు లేచును. చక్రము మూల కీలు దాగును. అతుకు కనబడినను అది తలుపు సందని కన్ను సరిపెట్టుకొనును. జంతువునకు తలుపులు లేవు. చిరుత నడుమున ఒక గీత పడినచో అది గాయమువలె కనబడును. పైగా కారు కదలకున్నను కారే. జంతువు మెడ త్రిప్పవలెను, కాలు మడువవలెను, లేనిచో అది చచ్చిన జంతువు. కనుక బీస్ట్ వార్స్ శిల్పులు ఒకే దెబ్బకు రెండు పనులు చేయవలసి వచ్చెను. వారికి చేయూత నిచ్చినది బంతికీలు. మన భుజపుటెముక గుంటలో తిరిగినట్లే, గుండ్రని ప్లాస్టిక్కు బంతి గిన్నెలో కూర్చుండి అన్ని దిక్కులకు తిరుగును. 1984 నాటి బొమ్మలలో పెక్కింటికి చేతులు పైకి క్రిందికి మాత్రమే కదలెడివి. కొన్నింటికి కాళ్ళు రెండును కలిసి ఒకటే దిమ్మ. బంతికీలు వచ్చిన పిమ్మట మరమనిషి మోకరిల్లగలిగెను, నడుము త్రిప్పగలిగెను, చేయి చాచి నిలువగలిగెను. మృగరూపమునకై తెచ్చిన కీలు మరమనిషి రూపమునకు మేలు చేసినది. ఈ వరుస ఘనతలలో నేను దీనికే మొదటి పీట వేయుదును.

ఈ దృష్టితో గొరిల్లాను చూడుడు. గొరిల్లా దేహము మనిషి దేహమునకు మిక్కిలి చేరువ. దాని చేతులే మరమనిషి చేతులు, దాని కాళ్ళే కాళ్ళు. తల మారును, రొమ్ము మారును, నిలుచు తీరు మారును. అందువలన రెండు రూపములును గట్టిగ నిలుచును. పిల్లవాడు కాగితము చూడకయే మార్చుకొనగలడు. శక్తి యెంతో లోపము కూడ అంతే. మార్పు చిన్నది గనుక ఆశ్చర్యమును చిన్నదే. లారీ మనిషి యగునప్పుడు కలుగు విస్మయము గొరిల్లా మనిషి యగునప్పుడు కలుగదు. ఆ లోటు తీర్చుటకు కాబోలు, కత్తులను, క్షిపణులను తగిలించిరి. అవియన్నియు మొదటి నెలలోనే మంచముక్రింద పోవును. తొలి సంవత్సరపు బొమ్మలలో పెక్కింటికి మరమనిషి ముఖముపైకి వచ్చు భయంకరమైన మూడవ ముఖ మొకటి గూడ పెట్టిరి. దాని యక్కర యెవ్వరికిని కలుగలేదు. టెలివిజను కథ దానిని పట్టించుకొననే లేదు. కొలది కాలములో అది పోయెను.

మెగాట్రాన్ బొమ్మ దీనికి వ్యతిరేకము. టిరనోసారసు బరువంతయు తలలోను తోకలోను ఉండును. రెండు కాళ్ళపై నిలుచుటయే గాని మనిషితో దానికి పోలిక లేదు. అంత పెద్ద తలను ఎచట దాచవలెను? శిల్పి దాచలేదు. దానిని కుడిచేతి కొనకు తెచ్చి పిడికిలిగ చేసెను. పగవానిని కోరలతో కరచు పిడికిలి! దాచలేనిదానిని దాచుటకు పెనుగులాడక, దానినే అలంకారముగ మార్చిన ఈ యుపాయము మిక్కిలి మెచ్చదగినది. టెలివిజనులో ఆ దుష్టుడు తన చేతి తలతో మాటలాడుచున్నట్లుగ చూపిరనిన, శిల్పి చేసిన పని రచయితలకు ఎంత పనికి వచ్చినదో తెలియును. చాల చోట్ల ఈ నేర్పు కనబడదు. జంతువు తోలు ఒలిచి మరమనిషి వీపున వ్రేలాడగట్టినట్లుండు బొమ్మలు ఈ వరుసలో కొల్లలు. మృగము బాగుండి మనిషి చెడినవి కొన్ని, మనిషి బాగుండి మృగము కడుపుక్రింద చేతులు కనబడునవి కొన్ని. వీనిని కేవలము ఫోటో చూచి మెచ్చుకొనుట ప్రమాదము. ఫోటో తీయువాడు ముందువైపే తీయును.

కథ సంగతి. కెనడా దేశపు వాంకూవరు నగరమున మెయిన్‌ఫ్రేమ్ అను సంస్థ గలదు. టెలివిజనుకై పూర్తిగ కంప్యూటరుతో గీచిన తొలి అరగంట ధారావాహికను, ‘రీబూట్’ను, 1994లో ఆ సంస్థయే నిర్మించెను. బీస్ట్ వార్స్ ధారావాహికను కూడ అదే చేసెను. 1996 మొదలు 1999 వరకు 52 భాగములు. కంప్యూటరులో ఒక్కొక్క పాత్రను రూపొందించుట ఆనాడు మిక్కిలి వ్యయముతో గూడిన పని. కావున అంగడిలో డజన్లకొలది బొమ్మలున్నను కథలో ఎక్కువమందిని పెట్టుటకు వీలు కలుగలేదు. ఆ పేదరికమే మేలు చేసెను. ఉన్న కొద్దిమంది పాత్రలకు బాబ్ ఫార్వర్డ్, లారీ డిటిల్లియో అను రచయితలు మనస్సులు కల్పింపగలిగిరి. ఆ గ్రహమందలి శక్తి తమ లోహదేహములకు విషమగుటచే రోబోటులు జంతుచర్మము కప్పుకొనవలసి వచ్చెనని కథ. ఆ గ్రహము మన భూమియే, చరిత్రకు పూర్వపు భూమియని తరువాత తెలియును.

ఇందు డైనోబాట్ అనువాడొకడు గలడు. వెలోసిరాప్టరు రూపము వానిది. ప్రతినాయకుని పక్షమున వచ్చి, నాయకునితో చేరి, ఇరుపక్షములకును అనుమానాస్పదుడై తిరిగెను. 1998లో ప్రసారమైన భాగమున, అప్పుడప్పుడే పనిముట్టు పట్టుట నేర్చుచున్న ఆదిమానవుల గుంపును కాపాడుటకు ఒంటరిగ నిలిచి పోరాడి వాడు చనిపోయెను. 1986 నాటి మరణమును, ఈ మరణమును ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. మొదటిది అంగడి ఖాళీ చేయుటకు. రెండవది పాత్ర నడచిన త్రోవ అచటికే తీసికొనిపోయినందున. రెండును బొమ్మలమ్ముటకు పుట్టిన కథలలోనివే. వర్తకము కలిపిన మాత్రమున కళ చెడునని నిశ్చయించుకొన్నవారు ఈ రెండవదానిని చూడవలెను. వర్తకముచేత కళ యెప్పుడును చెడదనువారు మొదటిదానిని చూడవలెను.

జపానులో ఈ ధారావాహిక 1997లో ప్రసారమయ్యెను. అచట నటులు తమ మాటలను, హాస్యమును ధారాళముగ చేర్చి మరియొక రసమున నడపిరి. అమెరికాలో బొమ్మల వరుస కొనసాగెను. మృగములకు వెండిబంగారు మెరుగులు పూసి, చక్రములు, రెక్కలు తగిలించి ‘ట్రాన్స్‌మెటల్’ అనిరి. ఆ మెరుగు పైపూత, ఆడినచో రాలును. చర్మముతో సంపాదించిన గౌరవమును మెరుగుతో పోగొట్టుకొనుట నాకు సరిపడలేదు గాని, పిల్లలు వానిని ఆశతోనే కొనిరి.

టకారా 2006లో టోమీ అను సంస్థతో కలిసిపోయెను. ఆ టకారా టోమీ 2016లో పెద్దలకై ఒక ఆప్టిమస్ ప్రైమల్‌ను విడుదల చేసెను. దాని లక్ష్యము వేరు. 1996లో బొమ్మను చూచి టెలివిజనువారు రూపము గీచుకొనిరి, వలసినచోట మార్చిరి. ఇరువదేండ్ల తరువాత ఆ టెలివిజను రూపమును చూచి బొమ్మ చేసిరి. గొరిల్లా గొరిల్లావలె, మరమనిషి తెరపైని మరమనిషివలె, ఇంచుకయు తేడా లేకుండ ఉండవలెను. పని గొప్పది, కీళ్ళు లెక్కకు మిక్కిలి. కాని మార్చుటకు ఓర్పు కావలెను, పదిసార్లు మార్చుటకు ధైర్యము కావలెను. దాని స్థానము అద్దాల బీరువా. 2023లో ‘రైజ్ ఆఫ్ ది బీస్ట్స్’ అను చలనచిత్రమున ఈ గొరిల్లా వెండితెర కెక్కెను. 2024లో న్యూయార్కు రాష్ట్రమందలి రోచెస్టరు నగరపు జాతీయ బొమ్మల కీర్తిమందిరమున ట్రాన్స్‌ఫార్మర్సుకు స్థానము లభించెను. వాని ముత్తాత యగు జి. ఐ. జో అచటికి 2004లోనే చేరియుండెను.

పాత బొమ్మను కొనదలచువారికి ఒకటి రెండు మాటలు. ప్లాస్టిక్కు కూడ ముసలిదగును. ఆ కాలమున బంగారు రజను కలిపి పోసిన కొన్ని ప్లాస్టిక్కులు ఏండ్లు గడచినకొలది పెళుసై, ముట్టుకొన్న మాత్రమున పొడియగును. పెట్టె విప్పక దాచినను అవి దక్కవు. బంతికీళ్ళు అరిగి వదులైనచో చేయి జారును. 1996 నాటి గొరిల్లాలో వెదుకవలసిన దోషము ముఖ్యముగ ఇదియే. కత్తులు పోయినవా లేదా యన్నది వెల కట్టువారి చింత.

కీళ్ళు గట్టిగ నున్నచో ఆ బొమ్మ నేటికిని ఆటకు పనికివచ్చును. ఎత్తునుండి పడినప్పుడు దాని చేయి విరుగుట అరుదు; బంతి గిన్నెలోనుండి ఊడి వచ్చును. ఏడ్చుచు తెచ్చిన పిల్లవాని చేతినుండి దానిని తీసికొని, గిన్నెకు ఎదురుగ పెట్టి గట్టిగ నొక్కినచో, టక్కుమను చప్పుడుతో మరల కూర్చుండును.